ఏ నీడ తీసెయ్యాలె?

కొడుకు నవ్వుతున్న ఫొటో చూసి కండ్ల నీళ్లు పెట్టుకునే తల్లిని అనసూర్య ఇంతకుముందు ఎన్నడు చూడలే. పోలీసు కొలువు ఇడిసిపెట్టి కరీంనగర్‌ల సొంతంగ డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన కాడికెల్లి పెండ్లి సంబంధాల ఎంక్వైరీలు చేసింది, చెప్పకుంట పోయిన మొగుళ్లను ఎతికి పట్టుకొచ్చింది, అన్నదమ్ముల పంచాయితీల నడుమ నలిగింది. గిది మాత్రం ఆమెకు కొత్త.

"నా కొడుకే బిడ్డా, కాదంటలేను," అన్నది ఎలీసబెతు, ఫోన్ మీద వేలు పెట్టి. "గాని వాడు గిట్ల నవ్వడు. వాని నవ్వు కండ్లల్ల ఉంటది. గీ నవ్వు ఉత్త పండ్లల్లనే ఉన్నది."

ఎలీసబెతుది ఇచ్చోడ ఊరు. పత్తి చేన్లల్ల కూలి చేసి ఒక్కగానొక్క కొడుకు జోయల్‌ను సదివించింది. ఆ జోయల్ శుక్రవారం సంది పత్తా లేడు. నిన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి వాని నంబరు నుంచి ఈ ఫొటో వచ్చి ఉన్నది. నీలి అంగీ ఏసుకొని, పెద్ద హాల్ల, నల్లగ మెరిసే బండల మీద నిలవడి నవ్వుతుండు. కింద నాలుగు ముక్కలు: 'అవ్వా, నమస్కారం. హైదరాబాద్‌ల పెద్ద కంపెనీల ఉద్యోగమొచ్చింది. కొన్నాళ్లు ఫోన్ కలవదు. ఫికర్ చెయ్యకు.'

అనసూర్య ఆ ఫొటోను తన ఫోన్లకు పంపించుకున్నది. ఇద్దరు కూసున్నది జోయల్ పనిచేసే స్టూడియోల్నే. కింద గ్రానైట్ షాపు, మీద స్టూడియో, రెంటికీ ఓనరు పర్శరాములు. ఇంకా కట్టని ఇండ్లను, హోటళ్లను కట్టినట్టే కంప్యూటర్ల త్రీడీ బొమ్మలు చేసి చూపెట్టుడు ఈడ పని.

అనసూర్య జోయల్ బల్లను ఒక్కొక్కటే చూసుకుంట వచ్చింది. ఫోన్ చార్జర్ గోడకే వేలాడుతున్నది. కుర్చీకి స్వెట్టర్ అట్లనే ఉన్నది. బల్ల కింద టిఫిన్ డబ్బ. మూత తీసేసరికి పాడైన పప్పు వాసన గుప్పుమన్నది. అన్నం ముద్ద కూడ కదలలే. శుక్రవారం అన్నం తినకముందే పిల్లగాడు లేచి పోయిండన్నట్టు.

"అక్కా, మూత పెట్టు నీకు పుణ్యముంటది," అని గుమ్మం కాడికెల్లి మాట వినవడ్డది. ముక్కు మూసుకొని లోపలికొచ్చిండు ఎస్సై శ్యాంసుందర్. "ఏంది, పెండ్లి ఎంక్వైరీలు తక్కువవడ్డయా? మా కేసు మీద వడ్డవ్."

"మీ కేసు మీరు సక్కగ చూస్తే నాకెందుకు పని?"

వీళ్లిద్దరి సంగతి ముందుగాల చెప్పాలె. శ్యాంసుందర్ కొత్తగ డ్యూటీల చేరినప్పుడు పంచనామా రాసుడు నేర్పింది అనసూర్యనే. ఇప్పుడు ఎదురువడ్డ కాడల్లా కొట్లాడుకుంటరు. ఆమె తేల్చిన కేసు ఆయన పేరు మీద పేపర్ల వస్తది, ఆయన మూసిన కేసును ఆమె మళ్ల తెరుస్తది. అట్లని పగనా అంటే పగ కాదు. అనసూర్య డెంగ్యూ జ్వరంతోని దవాఖాన్ల పడ్డప్పుడు రోజూ పొద్దుగాల జావ పట్టుకొచ్చింది గీ శ్యాంసుందరే. ఆ జావ మస్తు పలుచగ ఉండెనని ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తది.

"మేజర్ పిల్లగాడు," అన్నడు శ్యాంసుందర్. "ఫొటో పంపిండు, ఏడున్నడో చెప్పిండు. ఇంకేం మిస్సింగ్ అక్కా? అవ్వ సరేనంటే ఇయ్యాల కేసు మూసేస్త. ఫోన్ సిగ్నల్ కోసం ఒక మనిషిని కూసోవెట్టిన, ఆయన్ను ఎన్ని రోజులని ఆపాలె?"

అనసూర్య గోడకున్న చార్జర్ దిక్కు చెయ్యి చూపెట్టింది. సిగ్నల్ ఎతుకుడు ఆగితే ఇగ జోయల్ కోసం ఎతికేటోళ్లే ఉండరు.

"చార్జర్ ఇడిసిపెట్టి కొత్త నౌకరికి ఎవడు పోతడు?"

"కొత్త కంపెనీ కొత్త చార్జర్ ఇచ్చి ఉంటది."

"అన్నం తినకుంట?"

"బిర్యానీ పెట్టి ఉంటరు."

ఎలీసబెతు మెల్లగ తలెత్తింది. "నమస్కారమని రాసిండు సారూ. మా చర్చిల వందనాలంటం. నా కొడుకైతే ఫోనెత్తంగనే 'వందనాలు ఎలీసబెతమ్మగారూ' అని నన్ను ఎక్కిరిస్తడు. ఒక్కనాడన్న నమస్కారమనలే. గది ఎవరో పక్కకుండి రాపిచ్చిన్రు."

శ్యాంసుందర్ నెత్తి గోక్కున్నడు. "నమస్కారం పెట్టిండని ఎఫ్ఐఆర్ రాయమంటవా అవ్వా?"

"రాయరాకపోతే చెప్పు, నేను రాసిస్త," అన్నది అనసూర్య. "పంచనామా కూడ నేనే నేర్పిన గద."

గంతల ఓనరు పర్శరాములు పైకొచ్చిండు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లంగీ, చేతిల చాయ్ గ్లాసుల ట్రే. పనోళ్లు ఉండంగ తనే మోసుకొచ్చిండు. "ఎలీసబెతవ్వా, పొద్దటి సంది ఏమన్న తిన్నవా లేదా?" అని మొట్టమొదలు చాయ్ ఆమెకే ఇచ్చిండు. ఇచ్చోడ నుంచి వచ్చిన పిల్లగాన్ని నమ్మి కొలువిచ్చింది ఆయననే. ఎలీసబెతు ప్రతి ప్రార్థనల ఆ సారు పేరు కూడ తలుస్తదట.

"జోయల్‌ను ఆఖరుకు ఎప్పుడు చూసిన్రు?" అని అడిగింది అనసూర్య.

"శుక్రవారం మాపటికి. బ్యాగు ఏసుకొని మెట్లు దిగుతుండె. 'పోతున్న సార్' అన్నడు. రోజు లెక్కనే పోతుండనుకున్న." పర్శరాములు నిట్టూర్చిండు. "పెద్ద పట్నం పిలిస్తే పిల్లలు ఆగుతరా మేడం? చెప్పి పోతే నేనే సూట్‌కేసు కొనిద్దును. గదొక్కటే నా మనసుకు బాధ."

"బ్యాగు ఏ రంగుది?"

"నల్లది," అన్నడాయన, ఆలోచించకుంట.

తర్వాత ఎలీసబెతు భుజం మీద చెయ్యేసిండు. "ఈడ కూసొని ఏడిస్తే ఏమొస్తది అవ్వా? నడు, కార్ల బస్టాండుల దింపుత. ఇంటికి పోయి జర పండుకో." ఆ మాటకు అనసూర్య ప్రాణం కూడ నిమ్మళమయింది. ముసలామె రాత్రంత నిద్ర లేకుంట ఉన్నది మరి. తనే చెయ్యి పట్టి లేపింది, కొంగు సర్దింది, "నేను చూసుకుంట అవ్వా, నా మీద ఏసెయ్యి" అని ధైర్యం చెప్పింది.

పర్శరాములు పోతపోత మూలకు కంప్యూటర్ ముందల పని చేసుకుంటున్న పిల్ల దిక్కు తిరిగిండు. "భవ్యశ్రీ, గా షాపు బొమ్మల నీడ తీసెయ్యమన్న గద బిడ్డా. తీసినవా?"

"ఏ నీడ సార్?"

"ఏ నీడేంది? నీడంటే నీడే!" అని ఇసుక్కొని, ఎలీసబెతును మెల్లగ నడిపిచ్చుకుంట మెట్లు దిగిండు.

మూలకున్న పిల్ల పెదిమలు అదిరినయి. నవ్వబోయి ఏడుపు ఆపుకున్నట్టు కనవడ్డది. అనసూర్య కుర్చీ గుంజుకొని ఆమె ముందల కూసున్నది. "ఇందాకటి సంది చూస్తున్న. ఓనరు ఉన్నంత సేపు నీ నోట్లె నాలుక లేదు. ఇప్పుడు చెప్పు."

భవ్యశ్రీ నేతోళ్ల పిల్ల. అనసూర్య పుట్టిల్లు కూడ మగ్గాల ఇల్లే. బాపు ఏం చేస్తడని అడిగితే పవర్‌లూమ్ అన్నది, మా బాపు కూడ గంతే అన్నది అనసూర్య. ఇగ పిల్ల నోరు తెరిచింది.

"సార్ చెప్పింది అబద్ధం అక్కా. జోయల్ మాపటికి పోలే. అన్నాలకు ముందే ఫోనొచ్చింది, మెట్ల మీదికి పోయి గట్టిగ మాట్లాడిండు. 'నేను చేసిన బొమ్మను ఫొటో అని ఎట్ల ఇచ్చిన్రు సార్? లేని రాళ్లను ఉన్నట్టు చూపెడ్తరా?' అన్నడు. అట్లనే దిగి పోయిండు. బ్యాగు కూడ లేదు. బ్యాగు నా దగ్గరున్నది." బల్ల సొరుగు గుంజింది. ఆకుపచ్చ బ్యాగు.

"గీ ముచ్చట నాకు మొన్న చెప్తే ఏం పోయె?" అని శ్యాంసుందర్ గయ్యిమన్నడు.

"మీరు నన్ను అడుగలే సార్. ఓనరును అడిగి, చాయ్ తాగి పోయిన్రు."

అనసూర్య గట్టిగనే నవ్వింది. ఎస్సై గారి మొఖం చూడాలె అప్పుడు.

"ఓనరుకు యాది తప్పి ఉంటది," అని గొణిగిండు శ్యాంసుందర్. "అరవై ఏండ్ల మనిషి, పొద్దునో మాపో..."

"బ్యాగు రంగు కూడ యాది తప్పిందా?" అని, అనసూర్య తన ఫోన్ తీసి పిల్ల చేతిల పెట్టింది. "గీ ఫొటో నీకు పంపిండా?"

భవ్యశ్రీకి ఎవ్వరు చూపెట్టలేదట ఇప్పటిదాంక. చూసింది. చూసి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

"ఇది హైదరాబాద్ కాదక్కా. గీ హాలు ఏడ లేదు."

"ఏడ లేదంటే?"

"లోకంల ఏడ లేదు. మేమిద్దరం కలిసి కంప్యూటర్ల చేసినం. పని కోసం కాదు, ఊకెనే. ఆదివారాలు ఆయన ప్రార్థన అయినంక వస్తుండె..." పిల్ల మొఖం ఎర్రగయింది. "రిసెప్షన్ హాలు. మాది. డబ్బులుంటే గిట్ల కట్టిపిద్దుమని, దీపాలు నేను పెట్టిన, బండలు ఆయన ఏసిండు. ఓనరుకు తెల్వదు. మా ఇద్దరికి తప్ప ఎవ్వరికీ తెల్వదు. ఆ బొమ్మ ఆయన ఫోన్ల కూడ ఉంటది."

అనసూర్య ఫొటో మీదికి వంగింది. తనకు నమ్మకమున్న ఒకే ఒక్క మనిషి కంట్ల పడాలని ఆ పిల్లగాడు గీ హాలునే ఏరుకున్నడు. తల్లికి పంపితే, తల్లి ఊకోదని, తిరిగి తిరిగి ఈడికే వస్తదని వానికెరుక. వాని తెలివికి ముద్దు పెట్టుకోబుద్ధి అయింది ఆమెకు.

"చూడు తల్లీ, ఇంకేమన్న తేడా ఉన్నదా?"

"నీడ లేదు," అన్నది భవ్యశ్రీ ఎంటనే. "మీద గన్ని దీపాలుంటే కాళ్ల కింద నీడ పడాలె గద. మనిషి గాల్ల తేలినట్టున్నడు. జోయల్ గింత తప్పు చెయ్యడు. కొత్తోళ్లకు నీడ గురించి పాఠం చెప్పేదే ఆయన."

శ్యాంసుందర్ వంగి చూసిండు. "మరిచిపోయి ఉంటడు."

"మరిచిపోతే మరిచిపొయ్యేటిది కాదు సార్. మేము బొమ్మను ఒక్కసారే తియ్యం. రెండర్ పాసులని ఉంటయి. రంగుది ఒక బొమ్మ, వెలుగుది ఒక బొమ్మ, కింద పడే నీడది వేరే, బండల్ల అద్దం లెక్క కనవడేది వేరే. అన్నీ ఒకదాని మీద ఒకటి ఏస్తే అప్పుడు ఫొటో లెక్క అయితది. ఏది ఎక్కువున్నా దాన్నొక్కదాన్నే తగ్గిస్తం, కడమయి కదలయి."

అనసూర్యకు బాపు మగ్గం యాదికొచ్చింది. ఎర్ర పోగుల కండె వేరే, పచ్చ పోగుల కండె వేరే, నేసినంకనే చీర. ఒక్క పోగు తెగితే ఏ కండెదో బాపు చెప్పేటోడు.

"అయితే ఇందాక నీ ఓనరు 'నీడ తీసెయ్యి' అంటే నువ్వు 'ఏ నీడ' అని ఎందుకడిగినవ్?"

భవ్యశ్రీ చెప్పబోయి ఆగింది. కండ్లు పెద్దగయినయి. "మనకు ఎండల పడ్డా నీడే, అద్దంల కనవడ్డా నీడే. నీళ్లల్ల నీడ చూసుకున్న అంటం గద అక్కా? కంప్యూటర్‌కు గవి రెండు పాసులు. షాడో వేరే, రిఫ్లెక్షన్ వేరే. సార్ ఎప్పుడూ ఉత్త 'నీడ' అంటడు. ఒకసారి మేము అడగకుంట ఒకటి తీసేస్తే, నేనన్నది గది కాదని మస్తు లొల్లి చేసిండు. అప్పటి సంది మా ఇద్దరికి గదొక పరాష్కం. జోయల్ నన్ను సతాయిస్తానికి పొద్దుగాల రాంగనే 'ఏ నీడ?' అంటడు."

ఆ ఫొటో చేయించినోడు జోయల్ నెత్తి మీద నిలవడి 'నీడ తీసెయ్యి' అని గద్దించినట్టు, పిల్లగాడు తలూపి, తీసెయ్యాల్సిన నీడను ఉంచి తియ్యొద్దన్న నీడను తీసేసినట్టు, అనసూర్య కండ్లకు కట్టింది.

"వాళ్లు తీసెయ్యమన్నది అద్దం నీడ," అన్నది. "గది ఇంకా ఫొటోల్నే ఉన్నది."

"నాకైతే నల్ల బండనే కనవడ్తుంది," అన్నడు శ్యాంసుందర్. "అక్కా, గీ బొమ్మలు పట్టుకొని కోర్టుకు పోతే జడ్జి నవ్వుతడు. పిల్లది దోస్తు మీద ప్రేమతోని ఏదేదో అంటుంది."

"ప్రేమతోనే అననియ్యి. నువ్వు ప్రేమ లేకుంట మూడు దినాలు ఎతికి ఏం పట్టుకొచ్చినవ్?"

దెబ్బ గట్టిగనే తాకింది. ఎస్సై కుర్చీల కూలవడ్డడు. జర సేపటికి తనే లేచి, తెర మీద ఎండ పడకుంట కిటికీ పరదా గుంజిండు. సారీ చెప్పుడు ఆయనకు గిట్లనే వస్తది.

భవ్యశ్రీ హాలు ఫైలు తెరిచింది. మనుషులు లేని ఉత్త హాలు. దాని మీద ఫోన్ల వచ్చిన ఫొటోను ఏసి, దీపాలకు దీపాలు, గోడకు గోడ సరిగ్గ కలిసేదాంక జరిపింది. "ఇప్పుడు ఫొటోలకెల్లి మా హాలును తీసేస్త సార్. హాలుది కానిదే మిగులుతది."

ఒక్క నొక్కు. దీపాలు పోయినయి, గోడలు పోయినయి. నల్లటి తెర మీద జోయల్ ఒక్కడే మిగిలిండు, వాని కాళ్ల కింద మసక మసకగ ఏదో మరక. పిల్ల వెలుగు పెంచింది. మరక పొడుగయింది. తలకిందులుగ జోయల్ నీడ, నీలి అంగీ తోని. దాని పక్కన ఇంకొక నీడ.

పైన ఫొటోల జోయల్ పక్కన ఎవ్వరు లేరు. కింద బండల్ల మాత్రం ఒక మనిషి నిలవడి ఉన్నడు. జోయల్ భుజం గట్టిగ పట్టుకొని ఉన్నడు. వెనుక రేకుల కప్పు, దానికి రాళ్లను లేపే గొలుసు.

"గిది ఆఫీసు కాదు," అన్నడు శ్యాంసుందర్ లేచి నిలవడి. గొంతు మారింది. "రాళ్లు పాలిష్ పట్టే షెడ్డు. ఆడ మెరిసే బండ మీద నిలవెట్టి తీసిన ఫొటోను గీ హాల్ల అతికిచ్చిండు."

"తలకిందులు చెయ్యి తల్లీ," అన్నది అనసూర్య.

భవ్యశ్రీ బొమ్మను తిప్పింది. తెల్లంగీ. నెరిసిన మీసం. చాయ్ ట్రే మోసుకొచ్చిన అదే మొఖం, నవ్వు మాత్రం లేదు.

"పర్శరాములు," అన్నడు శ్యాంసుందర్. "పోయిన వానకాలం గోదాం గోడ కూలి రాళ్లన్ని పలిగినయని ఇన్సూరెన్స్ కేసు పెట్టిండు. పలగకముందటి రాళ్లయని ఫొటోలు నాకు చూపెట్టిండు. ఎంత సక్కగున్నయో అనుకున్న."

"గవి జోయల్ చేసిన బొమ్మలు," అన్నది భవ్యశ్రీ. "షాపు ప్రచారానికని చేయించిండు."

అనసూర్యకు ఆ మాటలు చెవికెక్కలే. ఆమె కండ్ల ముందల మెట్లు దిగుతున్న ముసలామె కనవడ్తుంది. ఈ ఫొటోను నమ్మనిది ఆ తల్లి ఒక్కతే. కేసు మూయనియ్యనిది ఆమె ఒక్కతే. ఆమె చెయ్యి పట్టి లేపి, కొంగు సర్ది, ఆయన కార్ల ఎక్కిచ్చింది తనే.

"జీపు తియ్యి శ్యాం!" అని ఫోన్ అందుకున్నది. ఎన్నేండ్లయిందో ఆమె ఆయన్ను శ్యాం అని పిలువక. ఆయన అప్పటికే మెట్ల మీదున్నడు, సిగ్నల్ కోసం కూసోవెట్టిన మనిషికి ఎలీసబెతు నంబరు చెప్పుకుంట పరుగు పెట్టిండు.

ఫోన్ మోగింది. మోగి మోగి ఎత్తింది ఎలీసబెతు.

"అవ్వా, ఏడున్నవ్? బస్సెక్కినవా?" అనసూర్య గొంతును చానా కష్టంగ నిమ్మళంగ ఉంచింది. పక్కనున్నోడు వింటడు మరి.

"లేదు బిడ్డా, కార్లనే ఉన్న. మెట్‌పల్లి తొవ్వల పోతున్నం." ముసలామె గొంతుల పొద్దటి ఏడుపు లేదు. చిన్నపిల్ల లెక్క సంబురం. "నీకు చెప్పొద్దన్నడు గాని చెప్పకుంట ఉండలేకపోతున్న. జోయల్ హైదరాబాద్ పోలేదంట. సారు దగ్గర్నే ఏదో అర్జెంట్ పని మీద ఉన్నడంట. పోలీసోళ్ల ముందల చెప్పరాదని ఊకున్నడంట సారు. నన్ను వాని కాడికే తీస్కపోతుండు."

"అవ్వా, నా మాట ఇను. నువ్వేమనకు, ఊ అను చాలు. కారు ఎక్కడన్న ఆగితే..."

"ఆగింది బిడ్డా, ఇప్పుడే ఆపిచ్చి వానికి అరటిపండ్లు కొన్న. మూడు దినాలాయె, ఏం తిన్నడో ఏమో నా కొడుకు." కొంగుతోని కండ్లు తుడుసుకుంటున్న చప్పుడు వినవడ్డది, ఆ ఎనుక మెల్లగ ఒక మగ గొంతు. "ఆగు, సారు ఫోన్ అడుగుతుండు. ఇగో సారూ, అనసూర్య బిడ్డ, మాట్లాడుర్రి."